నాగరత్నం చూసిన ఎరుపు

పదకొండో వారం

కిందటివారం నన్ను నేనే పెదన స్టేషన్లో పొద్దుటి రైలెక్కించి, చేతిలో గుడివాడ టిక్కెట్టు పెట్టి వదిలేశాను. వారం రోజులు ఆ పెట్టెలోనే కూర్చున్నాడా ఈ మనిషి అని మీరు నవ్వుకుని ఉంటారు. నిజానికి ఆ ప్రయాణం గంటన్నర కూడా ఉండదు. నాకు మాత్రం వారంలాగే గడిచింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు ధనుంజయరావు. పెదనలో కలంకారీ అద్దకం షెడ్డు మాది. ఆరు బల్లలు, పదిమంది అద్దకపువాళ్లు. గుడ్డ మీద అచ్చులు వేసేది మేమే గాని, అందులో ఎరుపు పుట్టించేది నా భార్య నాగరత్నం. పటిక అచ్చు వేసిన గుడ్డని రాగి గంగాళంలో రంగు చెట్ల వేళ్లూ చెక్కా వేసి ఉడికిస్తే ఎరుపు తేలుతుంది. ఎప్పుడు తియ్యాలన్నదే అందులో విద్య. ఒక్క పొంగు ముందు తీస్తే ఇటుకపొడి రంగు. ఒక్క పొంగు ఆలస్యమైతే కార్జం రంగు, నల్లగా ముదిరిన ఎరుపు. నాగరత్నం గంగాళం పక్కన నిలబడి, కర్రతో గుడ్డ అంచు పైకి లేపి, ఎడమకన్ను మూసి కుడికంటితో చూసేది. రెండు కళ్లూ తెరిచి చూస్తే రంగు మోసం చేస్తుందని మా అమ్మ తనకి అలా నేర్పింది. "చాలు, తీయండి" అని నాగరత్నం అన్నాక ఆ ఎరుపుకి బందరులో గాని మద్రాసులో గాని వంక పెట్టినవాడు లేడు. పదిహేడేళ్లు అలా నడిచింది.

ఈ మాఘమాసంలో గంగాళంలో వరసగా రెండు వాయిలు చెడ్డాయి. నలభై దుప్పట్లు కార్జం రంగుకి తిరిగాయి. అంతకు వారం ముందే నేను బొంబాయి నుంచి డబ్బాల్లో వచ్చే రంగుపొడి తెప్పించి, "ఇక తూకం వేసుకుంటే చాలు, ఎవరి కన్నూ అక్కర్లేదు" అని షెడ్డులో గొప్పగా చెప్పి ఉన్నాను. ఆ కోపంతోనే తను చెడగొట్టిందనుకున్నాను. పదిమంది ముందూ "కావాలనే చేశావు" అన్నాను. "అవును, కావాలనే చేశాను" అంది నాగరత్నం. ఆ సాయంత్రం రైలుకే గుడివాడలో అన్నగారింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు జ్యేష్ఠం. నాలుగు నెలలైంది. నేను వెళ్లలేదు, తను రాలేదు. నేనెంత మూర్ఖుణ్నో ఈ పది వారాల్లో మీకు తెలిసే ఉంటుంది. మొన్న బందరు కోనేరు సెంటర్లో డాక్టరు ఇస్సాకు గారు సైకిలు దిగి నన్ను ఆపకపోతే ఇంకో నాలుగు నెలలైనా అలాగే ఉండేవాణ్ని.

*

కౌతవరం దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని డాక్టరు గారి మాటలే నెమరు వేసుకున్నాను.

ఆయన మొదట అడిగింది ఇది. "మీ ఆవిడ కన్ను ఎలా ఉందండీ?"

"కన్నేవిటండీ? ఆవిడకున్నది తలనొప్పి కదా" అన్నాను.

నేనన్నది అబద్ధం కాదు. నాగరత్నానికి పార్శ్వపు నొప్పి పెళ్లికి ముందునుంచీ ఉంది. వాళ్లమ్మకీ ఉండేదట. నెలకోసారి ముందు కళ్లెదుట మెరుపులు మెరుస్తాయి, తరవాత కుడి కణతలో మొదలవుతుంది. వాంతులు, చీకటి గది, నుదుటికి తడిగుడ్డ. ఆ రోజు మా షెడ్డులో అచ్చు పడదు. అచ్చు పెట్టి దాని మీద పిడికిలితో గుద్దుతాం కదా, ఆ చప్పుడు తన తలలోనే పడుతుందని బల్లలన్నీ ఆపేసి, అందరం కాలవకి పోయి గుడ్డ ఉతుక్కునేవాళ్లం. మావాళ్లు దానికి 'అమ్మగారి సెలవు' అని పేరు కూడా పెట్టారు.

ఈ నాలుగు నెలల్లో అమ్మగారి సెలవు ఒక్కటి లేదు. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా అచ్చుల చప్పుడే. వైశాఖంలో ఒకరోజు మా పెద్ద అద్దకపుమేస్త్రి బసవయ్య పని మధ్యలో పిడికిలి ఆపి, "అయ్యగారూ, ఇవాళ ఒకపూట కాలవకి పోదామా?" అన్నాడు. బల్లలు ఆపేశాం. వాళ్లందరూ వెళ్లాక నేను ఇంట్లోకి వెళ్లి చీకటి గది తలుపు తీసి చూశాను. మంచం మీద పరుపు చుట్ట చుట్టి ఉంది. ఆ నొప్పి పోవాలని పదిహేడేళ్లు కనపడ్డ దేవుడికల్లా మొక్కినవాణ్ని, ఆ పూట ఆ నొప్పయినా సరే, ఇంటికి తిరిగి వస్తే బాగుండుననుకున్నాను. తను లేకపోతే నేను ఉండలేను. ఇంతకంటే చక్కగా చెప్పడం నాకు రాదు.

ఇస్సాకు గారు దివిసీమ మనిషి. నాగాయలంక దగ్గర పల్లెలో పాస్టరుగారబ్బాయి. వేలూరు పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి బందరొచ్చి సొంతంగా డిస్పెన్సరీ పెట్టుకున్నారు. మాట మెత్తన. ఆ రోజు మాత్రం సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి, తనని తాను కోర్టులో నిలబెట్టుకున్నట్టే మాట్లాడారు.

"పుష్యమాసంలో మీ ఆవిడ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. కుడికన్ను మసగ్గా ఉందంది. మీకు చెప్పొద్దంది. నేను మైగ్రేనే అనుకున్నాను. ఆరేళ్లుగా ఆ మాత్రలే రాసిచ్చినవాణ్ని, మళ్లీ అవే రాసిచ్చాను. కాని మైగ్రేనులో కంటికి ఏం వచ్చినా అరగంటో గంటో ఉండి పోతుందండీ. ఆవిడకి అప్పటికే మూడు వారాలుగా ఉంది. ఎన్నాళ్లనుంచీ అని ఒక్కమాట అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. నేను అడగలేదు."

"మరి ఇదేవిటండీ?"

"వేరే జబ్బని నా అనుమానం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఉంటుంది చూడండి, మన నరాల మీద కూడా అలాంటిదొకటి ఉంటుంది. ఈ జబ్బులో అది అక్కడక్కడా ఊడిపోతుంది. ఊడిన చోటునిబట్టి ఒకరికి కన్ను, ఒకరికి కాలు. చలిదేశాల జబ్బని మేం చదువుకున్నాం. వేలూరులో మనవాళ్లలోనే ఇద్దర్ని చూశాను. తేల్చి చెప్పాలంటే మీరు ఆవిణ్ని అక్కడికే తీసుకెళ్లాలి."

"తలనొప్పి ముదిరి ఇలా తిరిగిందా?"

"అలా అనలేమండీ. ఈ జబ్బున్నవాళ్లలో పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లు కొంచెం ఎక్కువే కనబడుతున్నారని కొందరు డాక్టర్లు రాశారు. ఒకటి రెండోదాన్ని తెస్తుందా, రెండూ ఒకేచోట పుడుతున్నాయా అన్నది ఎవరికీ తెలీదు. ఊళ్లో ఎంతమందికి తలనొప్పి లేదు? వాళ్లందరికీ ఇది రాదు. మీ ఆవిడ విషయంలో నేను చెప్పగలిగింది ఒక్కటే. పాత జబ్బు వెనక కొత్త జబ్బు దాక్కుంది. నేను పాతదాన్ని చూసి పలకరించి పంపేశాను."

ముందు ముందు ఏం కావచ్చో కూడా ఆయన చెప్పారు. అది నేను రైల్లో పదిసార్లు నాలో నేనే చెప్పుకున్నాను. ఆ మాటలు నాగరత్నం చెవిన మాత్రం పడనివ్వకూడదని గుడ్లవల్లేరు స్టేషన్లో నిర్ణయించుకున్నాను. అది గొప్ప నిర్ణయమని కూడా అనుకున్నాను.

*

మా బావగారు నరసయ్యకి బియ్యం మిల్లులో పని. ఇల్లు మిల్లు వెనకాల సందులో. నేను వెళ్లేసరికి ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఆయన భార్య పెద్దింట్లమ్మ వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది.

"అన్నయ్యగారా! దారి తప్పి వచ్చారా, చూసుకునే వచ్చారా?" అంది, చేట కింద పెట్టి.

"అనమ్మా, నాలుగూ అను. పడటానికే వచ్చాను."

"పడేవాళ్లని ఏం అంటాం లెండి. మీ బావగారు మిల్లులో ఉన్నారు, కబురు పంపుతాను."

"వద్దమ్మా. ముందు..."

"తెలుసు, ముందు ఎవరితో మాట్లాడాలో. పెరట్లో ఉంది." గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, మీరొచ్చారు కాబట్టి చెబుతున్నాను. అమ్మాయికి కాళ్లు స్వాధీనంలో లేవు. మొన్న వీధిలోంచి ఒక్క చెప్పుతో నడిచొచ్చింది. రెండోది ఎక్కడో ఊడిపోయింది, ఆ సంగతే తనకి తెలీదు. నేను చూసి చెబితే కాలివైపు చూసుకుంది. నవ్వింది గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు. పట్టుకుని అడిగితే తలనొప్పి వల్లే వదినా అంటుంది. తలనొప్పికీ కాలికీ ఏం సంబంధమండీ?"

నేను జవాబు చెప్పేలోపలే నాగరత్నం పెరటి గుమ్మంలోకి వచ్చింది. జుట్టు తడిగా ఉంది, చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. చిక్కింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గుమ్మం మీద చెయ్యి వేసి, కాసేపు అలా చూస్తూ నిలబడింది. రైల్లో తయారు చేసుకున్న మాటలన్నీ ఎక్కడో పడిపోయాయి.

"మంచినీళ్లు తెస్తాను" అంది.

"నువ్వు కూర్చో" అన్నాను.

"కూర్చోవడానికేం? నేనేమన్నా రోగినా?" అని లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది. తెచ్చేటప్పుడు గోడ పక్కనుంచే నడిచింది. నాలుగు నెలల కింద ఈ మనిషి సలసల కాగే గంగాళం అంచున చిన్నపిల్లలా చకచకా నడిచేది.

పెద్దింట్లమ్మ తెలివైన మనిషి. బియ్యం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎలా అడగాలో తెలియక నేను సంచీలోంచి రెండు గుడ్డముక్కలు తీసి చాప మీద పెట్టాను. ఒకటి కిందటేడు వాయిలోది, మంకెనపువ్వు ఎరుపు. రెండోది మాఘమాసంలో చెడిపోయిన దుప్పటిలోది.

నాగరత్నం వాటిని ముట్టుకోలేదు. "పరీక్ష పెట్టడానికి వచ్చారా?"

"డాక్టరు గారు కనిపించారు" అన్నాను.

"ఓహో."

"పుష్యమాసంలో కన్ను మసకబారిందట. నాకు చెప్పలేదేం?"

తను చాప మీదికి వంగింది. మంచి ముక్క చేతిలోకి తీసుకుంది. ఎడమకన్ను మూసుకుని చూసింది. తరవాత కుడికన్ను మూసుకుని చూసింది. మళ్లీ అదే. పదిహేడేళ్లు గంగాళం పక్కన ఆ మొహాన్ని చూసినవాణ్ని. ఒక కన్ను మూసి, నుదురు కొంచెం ముడిచి, పెదవి బిగించి. ఆ మొహం చూడటానికే నేను పనులు మానుకుని అటువైపు తిరుగుతూ ఉండేవాణ్ని, తనకి ఎప్పుడూ చెప్పలేదు గాని.

"ఎడమకంటికి ఇది మన ఎరుపే. కుడికంటికి, పది ఉతుకులు ఉతికి ఎండలో మరిచిపోయిన గుడ్డ. ఉదయం కొంచెం నయం, చన్నీళ్లు పోసుకుంటే ఇంకొంచెం నయం. ఒంటికి వేడి తగిలితే మటుకు రంగంతా వెళ్లిపోతుంది" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. గంగాళం కింద తుమ్మమొద్దుల మంట. పక్కన రెండు గంటలు నిలబడాలి. నిలబడేకొద్దీ తన కంట్లో ఎరుపు పాలిపోతూ వచ్చింది. పాలిపోతోంది కాబట్టి ఇంకా ఉడకాలంది, ఇంకా చెక్క వెయ్యమంది. గుడ్డ మీద రంగు మాత్రం ముదిరి ముదిరి కార్జం అయింది.

"ఎడమకంటితో చూసి ఉంటే..." అన్నాను.

"చూశాను."

"చూశావా?"

"చూశానండీ. ఎడమకన్ను చాలు, తీసెయ్ అంది. కుడికన్ను ఇంకా కాలేదంది. పుష్యమాసపు మసక తగ్గిపోయిందనే అనుకున్నాను. రెండిట్లో ఏది అబద్ధం చెబుతోందో నాకెలా తెలుస్తుంది? పదిహేడేళ్లు ఏ కన్ను మాట విన్నానో ఆ కన్ను మాటే విన్నాను. మీ అమ్మగారు నాకు ఎడమకన్ను మూసుకోవడమే నేర్పారు, కుడికన్ను మూసుకోవడం నేర్పలేదు." ఇది అంటున్నప్పుడు తనకి నవ్వూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. "మర్నాడు పొద్దున చల్లపూట లేచి ఆరేసిన దుప్పట్లు చూశాను. అప్పుడు తెలిసింది. దండెం కింద కూలబడిపోయాను. మీరు లేచేలోపల లేచి మొహం కడుక్కున్నాను."

"మరి నేను అందరి ముందూ అలా అన్నప్పుడు, ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? కావాలనే చేశానని ఎందుకన్నావు?"

"అంతకు వారం ముందు మీరేమన్నారు? ఎవరి కన్నూ అక్కర్లేదన్నారు. అక్కర్లేదన్న వారంలోనే, ఆ కన్ను పోయిందని నా నోటితో ఎలా చెప్పనండీ? చెడగొట్టానంటే మీకు కోపం వస్తుంది. కోపం అయితే నేను భరిస్తాను, పెళ్లైనప్పటినుంచీ భరించడంలేదా? కన్ను పోయిందంటే జాలిపడతారు. బసవయ్య జాలిపడతాడు. చీకటి గదిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, చప్పుడు చెయ్యకుండా నడుస్తారు. నెలకి ఒకరోజు అలా అంటే సరే. రోజూ అలా అయితే నేను బతకలేను."

నేను తల పట్టుకున్నాను. ఆ దుప్పట్లన్నీ తీసుకెళ్లి సముద్రంలో కలిపినా నేనన్న మాట వెనక్కి రాదు. "తప్పు నాది" అన్నాను. పెళ్లైనప్పటినుంచీ ఆ మాట అనడం అదే మొదటిసారి. తను కూడా లెక్క చూసుకున్నట్టుంది, చటుక్కున తలెత్తి చూసింది.

"సరే, విన్నాను. డాక్టరు గారు ఏం చెప్పారో చెప్పండి" అంది.

చెప్పాను. తలనొప్పి కాదని, వేరే జబ్బని, నరాల మీద తొడుగని, వేలూరని. తను శ్రద్ధగా వింది.

"తలనొప్పే అయి ఉంటే బాగుండేది. అదంటే నాకు భయం లేదు. మా అమ్మకీ ఉండేది. ఎప్పుడొస్తుందో తెలుసు, ఎప్పుడు పోతుందో తెలుసు. ఇంతకీ ఆ నొప్పే దీన్ని తెచ్చిందా?"

"ఎవరికీ తెలీదట. రెండూ కలిసి కొందరిలో కనిపిస్తాయట. ఒకదానివల్ల రెండోది వచ్చిందని చెప్పలేరట. కాని నీ విషయంలో దాని వెనక ఇది దాక్కుందన్నారు. అందుకే ఆయనకి తెలియలేదు, మనకీ తెలియలేదు."

"మా అమ్మ ఇచ్చింది కాదన్నమాట. అదొక్కటే నయం" అంది. కాళ్లు చాపుకుని, రెండు అరికాళ్లూ చేత్తో రుద్దుకుంది. రుద్దుతున్నది తనకి తెలుస్తోందో లేదో నాకు తెలియలేదు. "ఇంకేమైనా చెప్పారా?"

"లేదు."

"ముందు ముందు ఏవవుతుందో?"

"ఏవీ కాదన్నారు. మందులు వాడితే తగ్గిపోతుందట. వేలూరులో నాలుగు రోజులు ఉంటే చాలట. నువ్వు వచ్చెయ్. సాయంత్రం రైలుకి పెదన వెళ్దాం. గంగాళం దగ్గరికి నువ్వు రావక్కర్లేదు, నేనూ బసవయ్యా చూసుకుంటాం. నువ్వు ఇంట్లో ఉంటే చాలు." నేను చాలా తీయగా మాట్లాడానని నాకే అనిపించింది.

నాగరత్నం లేచి, గోడ పట్టుకుని గూటి దగ్గరికి వెళ్లింది. మడత పెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చింది. ఇస్సాకు గారి చేతిరాత నాకు తెలుసు. పదిహేను రోజుల కిందటి తేదీ.

"కాళ్లు మొద్దుబారాక నేనే ఆయనకి ఉత్తరం రాశాను. కన్ను మూడు వారాలు అలాగే ఉందన్నది కూడా అందులోనే రాశాను. ఇది ఆయన జవాబు. చదవండి" అంది.

చదివాను. జబ్బు పేరు ఉంది. తన పొరపాటుకి క్షమించమని ఉంది. వేలూరు వెళ్లాలని ఉంది. ఆ జబ్బుతో కాళ్లకి ఏం కావచ్చో కూడా, దాచకుండా, చిన్న చిన్న మాటల్లో ఉంది. చివర ఇలా రాశారు: 'మీ వారికి చెప్పడం మంచిదని నా ఉద్దేశం. వద్దనుకుంటే ఒక కార్డు ముక్క రాయండి, ఊరుకుంటాను. పదిరోజుల్లో మీ జాబు రాకపోతే నేనే ఆయన్ని కలిసి చెబుతాను.'

"నువ్వు జాబు రాయలేదా?" అన్నాను.

"రాయడానికి కార్డు కొన్నాను. అది ఆ గూట్లోనే ఉంది, ఖాళీగా. పదిరోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను, రాయలేదు. తరవాతనుంచీ రోజూ పొద్దుటి రైలు కూత వినపడగానే పెరట్లోకి వెళ్లి నెత్తి మీద చన్నీళ్లు పోసుకుంటున్నాను. మీరు గుమ్మంలోకి వచ్చేసరికి కన్ను కాస్త తేటగా ఉండాలని. మిమ్మల్ని రెండు కళ్లతోనూ ఒకేలా చూడాలని."

నేను మొగవాణ్ని, నలభై రెండేళ్లవాణ్ని, పెద్దింట్లమ్మ వంటింట్లోంచి వింటోందని తెలిసి కూడా ఏడ్చాను.

నాగరత్నం ఏడవలేదు. "మీరు వచ్చారు. ఇవాళ నాకు ఎంత సంతోషంగా ఉందో మీకు చెప్పలేను. కాని రాగానే అబద్ధం చెప్పారు. జాలికి భయపడి ఇల్లు వదిలి వచ్చానని ఇప్పుడే చెప్పానా? అరగంట తిరక్కుండా దాన్ని నా ముందు తెచ్చి పెట్టారు."

"నిన్ను బాధపెట్టడం ఇష్టం లేక..."

"తెలుసండీ. ఇంకోసారి అడుగుతాను. కాగితంలో ఉన్నది నాకు తెలుసు. మీ నోటివెంట వినాలి. మొత్తం. అది చెప్పగలిగే మనిషైతే, వేలూరు కాదు, ఎక్కడికి రమ్మన్నా వస్తాను. సాయంత్రం రైలుకే పెదన వస్తాను. చెప్పలేకపోతే చెప్పండి, అన్నయ్య నన్ను వేలూరు తీసుకెళ్తాడు. మీరు దుప్పట్లు చూసుకోండి."

ఇన్నేళ్లలో తను నన్ను ఏదీ ఇంత గట్టిగా అడగలేదు. నేను మొహం తుడుచుకున్నాను. తన కళ్లలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

"కాళ్లు మొద్దుబారడం తగ్గవచ్చన్నారు. తగ్గి మళ్లీ రావచ్చన్నారు."

తను తలూపింది.

"వచ్చినప్పుడల్లా కొంత మిగిలిపోవచ్చు. కొన్నేళ్లకి కర్ర కావాలి. కొందరికి మంచమే అవుతుంది. కొందరికి ఏళ్ల తరబడి ఏమీ కాదు. నువ్వు ఎవరిలో ఉంటావో ఎవరూ చెప్పలేరు."

తలూపింది.

"నయం చేసే మందు ఇంకా లేదు. వేలూరులో కూడా లేదు. వాళ్లు పేరు తేల్చి చెబుతారు, వచ్చినప్పుడు తట్టుకునే ఉపాయం చెబుతారు. అంతే."

దానికీ తలూపింది. తన మొహంలో బిగువు సడలింది. పదిహేడేళ్లలో ఎప్పుడూ కూర్చోనంత దగ్గరగా జరిగి నా పక్కన చాప మీద కూర్చుంది. తడిజుట్టు నా భుజానికి తగిలింది. సాయంత్రం రైల్లో తను నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని ఉండటం నాకు కనిపించింది. అక్కడితో ఆగిపోవాలనిపించింది.

కాని ఇంకొకటి మిగిలింది. మొత్తం అంది కదా. ఆగితే మళ్లీ అబద్ధమే అవుతుంది. నాకు నా మీదే పంతం వచ్చింది.

"రెండో కంటికి కూడా రావచ్చన్నారు. ఎడమదానికి. వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో చెప్పలేనన్నారు. వస్తే ఇక ఎరుపు..." అన్నాను.

ఈసారి తను తలూపలేదు.

నా చేతిలోంచి ఉత్తరం తీసుకుంది. విప్పి పైనుంచి కిందిదాకా చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ ముందుకి తిప్పింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రెండో కన్ను మాట ఇందులో లేదండీ" అంది నాగరత్నం.